కోతి కాలి వాపునకు పసుపు పట్టు చాలునా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో గుడిమెట్ల వద్ద కోతులు కొత్త కాదు. వాటిలో ఒకటి మోకాలు వాచి కుంటుతూ కనిపించగానే జాలిపడి, అరటిపండులో పసుపో, శొంఠిపొడియో పెట్టి విసరువారు కలరు. జాలి మెచ్చదగినదే. కాని వాపు ఏమిటో తెలియక పెట్టిన మందు వైద్యము కాదని నా అభిప్రాయము.

కోతి బుగ్గలలో సంచులుంటాయి. పల్లీలు కుక్కుకొన్నప్పుడు దవడ గడ్డకట్టినట్లే ఉంటుంది, కాసేపటికి తగ్గిపోతుంది. తగ్గని వాపునకు కారణాలు అనేకము: విరిగి వంకరగా అతుకుకొన్న ఎముక, తోటి కోతి కాటు వలన ఎముకకు పట్టిన చీము, పుచ్చిన పంటి మూలము. ఎముక క్యాన్సరు పెద్దజాతి కుక్కలలో ఎక్కువ; కోతులలో అరుదు. అరుదైనంత మాత్రాన లేదని కాదు.

దానిని తేల్చుటకు కోతికి మత్తు ఇచ్చి ఎక్స్‌రే తీయాలి. క్యాన్సరైతే ఎముక కొరికినట్లు చెదరి, అంచున కొత్త ఎముక పొడుచుకొని రావచ్చును. చీము పట్టిన ఎముక కూడ ఒక్కొక్కప్పుడు అట్లే కనబడి వైద్యుని తికమకపెడుతుంది. కావున చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచినగాని నిర్ధారణ కాదు. ఈ వ్యాధి ఊపిరితిత్తులకు పాకే స్వభావము కలది కనుక రొమ్ము ఎక్స్‌రే కూడ అవసరము.

సుశ్రుతుడు అర్బుదమును వర్ణించెను. అస్థి దోషములలో అధ్యస్థిని పేర్కొనెను. శాలిహోత్రుని అశ్వవైద్యము, పాలకాప్యుని గజవైద్యము మనకున్నవి. పరీక్షించి పేరు పెట్టిన తరువాతనే చికిత్స అన్నది వారి పద్ధతియే. ఆ పేరు చెప్పుకొని పరీక్ష మానుకొనుట నాకు సమ్మతము కాదు.

అట్టి కోతిని మీరు పట్టుకొనరాదు, అటవీశాఖకు తెలుపండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల కలదు. కరచినచో గాయమును సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే రేబిస్ టీకాకై ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంతకూ నా బెంగ కోతిని గురించి మాత్రమే కాదు. పది నుండి ఇరువది యేండ్ల పిల్లలకు ఎముక క్యాన్సరు తరచుగా మోకాలి దగ్గరనే వస్తుంది. ఆటలో దెబ్బ తగిలిందని నూనె మర్దించి, ఆకుపసరు కట్టు వేసి నెలలు గడుపుతారు. రాత్రివేళ నిద్ర చెరచే నొప్పి, రెండు మూడు వారాలకూ తగ్గని వాపు ఉన్నచో మర్దన ఆపి, ముందు ఎక్స్‌రే తీయించండి. అందులో అనుమానము కలిగినచో విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది.