అప్పుల రాజ్యానికి రాణి

క్లియోపాత్రా అనగానే మనకేం గుర్తొస్తుంది చెప్పండి? పాలస్నానం, కాటుక కళ్ళు, పాముకాటు! మగవాళ్ళని కొంగున కట్టేసుకున్న మాయలాడి అని సినిమాలు చెప్పాయి, మనమూ నమ్మేశాం. కానీ ఆవిడ వేయించిన నాణేల మీద బొమ్మ చూస్తే కొక్కెంలాంటి ముక్కు, ముందుకొచ్చిన గడ్డం కనిపిస్తాయి. చూడగానే కట్టిపడేసేంత అందం కాదనీ, ఆకర్షణంతా ఆవిడ మాటతీరులోనే ఉందనీ గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

క్రీ.పూ. 51లో తండ్రి పోయేనాటికి ఆమెకు 18 ఏళ్ళు. చేతికొచ్చిన ఆస్తి ఏమిటంటారా? పదేళ్ళ తమ్ముడితో కలిసి ఏలాల్సిన ఈజిప్టు సింహాసనం, తండ్రి రోమన్ల దగ్గర చేసిన కొండంత అప్పు! దానికి తోడు నైలు నదికి వరద సరిగా రాక తిండిగింజలకు కటకట. ఇది చాలదన్నట్టు తమ్ముడి చుట్టూ చేరిన పెద్దమనుషులు ఆమెను దేశం నుంచే వెళ్ళగొట్టారు.

క్రీ.పూ. 48లో రోమన్ సేనాని జూలియస్ సీజర్ అలెగ్జాండ్రియాలో దిగాడు. పాత బాకీలో కోటి డ్రాక్మాలు కట్టమన్నాడు. క్లియోపాత్రా చీకటిపడ్డాక చిన్న పడవలో వచ్చి, పక్కబట్టల మూటలో దాక్కుని అతని ముందుకు చేరిందట. (సినిమాలో చూపించే తివాచీ కాదు సుమా!) బాకీ వసూలుకొచ్చినవాడినే అండగా మలుచుకుంది. పోయిన సింహాసనం తిరిగొచ్చింది. కొడుకు సీజారియన్ పుట్టాడు.

క్రీ.పూ. 44లో సీజర్ హత్య జరిగింది. మళ్ళీ అండ కావాలి. మూడేళ్ళకు టార్సస్ నగరంలో మార్క్ ఆంటోనీని కలుసుకుంది. అతనికి యుద్ధాలకు డబ్బు, ఓడలు కావాలి. ఆమెకు రాజ్యానికి రక్షణ, తాతల నాడు పోయిన భూములు కావాలి. ప్రేమ లేదని కాదు, ముగ్గురు పిల్లలు పుట్టారు. కానీ లెక్క తెలియని ప్రేమ కాదది. సుమారు మూడు వందల ఏళ్ళు ఈజిప్టును ఏలిన ఆ గ్రీకు వంశంలో, ప్రజల భాష నేర్చుకున్న మొదటి మనిషి ఆవిడేనంటారు!

ఆంటోనీ భార్య ఆక్టేవియా. ఆమె తమ్ముడు ఆక్టేవియన్. క్రీ.పూ. 32లో అతను యుద్ధం ప్రకటించింది క్లియోపాత్రా ఒక్కదాని మీదే. తప్పంతా పరాయి ఆడదానిదే అన్నమాట! ఈ మాట మనం ఎక్కడా వినలేదూ?

మరుసటి ఏడు ఆక్టియం దగ్గర ఓటమి. క్రీ.పూ. 30లో ఆంటోనీ, అతని వెనుకే 39 ఏళ్ళ క్లియోపాత్రా ప్రాణాలు తీసుకున్నారు. సీజారియన్‌ని ముందే మన ఇండియా వైపు పంపించిందా తల్లి. గురువు మాట నమ్మి వెనక్కొచ్చిన ఆ కుర్రాణ్ణి ఆక్టేవియన్ చంపించాడు.

మరి మిగిలిన పిల్లలు? వాళ్ళని చేరదీసి పెంచింది ఎవరో కాదు, ఆక్టేవియా! ఎవరి వల్ల తన కాపురం చెడిందో ఆమె పిల్లలకే అన్నం పెట్టింది. వాళ్ళలో ఆడపిల్ల సెలీనీ పెద్దయ్యాక ఆఫ్రికాలోని మౌరిటేనియాకు రాణి అయింది.

గెలిచినవాళ్ళు క్లియోపాత్రా అందం గురించే చెప్పుకున్నారు. ఆవిడ 21 ఏళ్ళు ఆ అప్పుల రాజ్యాన్ని ఎలా నెట్టుకొచ్చిందో, నెలాఖరున ఇల్లు నడిపే మనకు వేరే చెప్పాలా?