కాలేజీకి వెళ్లేలోపే నోట్సు రాయడం నేర్పాలి: ఉపాధ్యాయ మండలి తీర్మానం

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయ మండలి, తల్లిదండ్రుల సమక్షంలో సమావేశమై, ఈ విషయాన్ని చర్చించింది.

పదో తరగతి వరకు మన పిల్లలకు నోట్సు అంటే బోర్డు మీది ప్రశ్నను, జవాబును పుస్తకంలోకి ఎక్కించుకోవడమే. ఇంటర్‌లో లెక్చరర్ చెప్పుకుంటూ పోతారు. పిల్లవాడు మొదటి వాక్యం పూర్తిచేసేసరికి ఆయన మూడో వాక్యంలో ఉంటారు. కొన్నాళ్లకే పెన్ను పక్కనపెట్టి జిరాక్సు మెటీరియల్ కోసం తిరిగేవాళ్లు ఎందరో. వాళ్లకు తెలివి తక్కువై కాదు, విని ఏరుకుని రాసే సాధన బడిలో దొరకక ఇలా జరుగుతోందని మండలి గట్టిగా నమ్ముతోంది.

కావున, వచ్చే జూన్‌లో బడి తెరిచింది మొదలు ప్రీఫైనల్ పరీక్షల దాకా పదో తరగతికి వారానికొక పీరియడు నోట్సు సాధనకు కేటాయించాలని తీర్మానించడమైనది. సబ్జెక్టు టీచర్లు వంతులవారీగా తమ పాఠంతోనే దీన్ని చేయించాలి. పరీక్ష, మార్కులు ఉండవు.

ఆ పీరియడులో టీచరు బోర్డు మీద శీర్షిక, కొత్త పేర్లు, అంకెలు మాత్రమే రాయాలి. రక్తప్రసరణ గురించి ఐదారు వాక్యాలు చెప్పినా, పుస్తకంలో ‘కుడి జఠరిక → పుపుస ధమని → ఊపిరితిత్తులు → పుపుస సిరలు → ఎడమ కర్ణిక’ అన్న ఒక్క వరుస చాలు. పేజీ అమరికకు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ 1950లలో రూపొందించిన పద్ధతిని పాటించాలి. ఎడమ పక్క గీత కొట్టి, కుడివైపు పాఠం వింటూ రాసుకోవాలి. ఆ తర్వాత ఎడమవైపు ప్రశ్నలు, అడుగున రెండు మూడు వాక్యాల్లో సారాంశం రాయాలి. కుడివైపు మూసిపెట్టి, ఎడమనున్న ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడమే ఇందులో అసలు చదువు. ఇంటి దగ్గర ఇది చేయిస్తామని తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. పిల్లలు చెయ్యి అడ్డుపెట్టి చెబుతున్నారో లేదో అక్షరం రాని తల్లి కూడా చూడగలదు.

ఇంగ్లిషు మాట పక్కన తెలుగు రాసుకున్నా, సొంత గుర్తులు పెట్టుకున్నా తప్పుపట్టరాదు. ఈ పుస్తకాన్ని దస్తూరి కోసం దిద్దరాదు, ఫెయిర్ చేయమనరాదు. ఈ నియమం నుంచి ఏ టీచరుకూ మినహాయింపు లేదు. ఎర్రసిరా భయం ఉన్నంతకాలం పిల్లలు పొల్లుపోకుండా ఎక్కించుకోవడానికే చూస్తారు. నెమ్మదిగా రాసేవారి కోసం పాఠం మధ్యలో కాసేపు ఆగాలి.

డిసెంబరులో సమీప ప్రభుత్వ జూనియర్ కళాశాల నుంచి ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో వచ్చి, ఇంటర్ మొదటి ఏడాది పాఠం ఒకటి అక్కడి వేగంతోనే చెప్పాలని కోరుతూ ప్రధానోపాధ్యాయులు ప్రిన్సిపాలుకు లేఖ రాయాలి. ఈ తీర్మానం ప్రతిని మండల విద్యాధికారికి పంపాలి.

ప్రతిపాదించినవారు: జీవశాస్త్ర ఉపాధ్యాయిని
బలపరచినవారు: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు
ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.