సొంత గొంతు – సొంత మాట

ఇంట మాట్లాడే మాటను సభలో పలకడానికి సిగ్గుపడే విద్యార్థి తన బలంలో సగం గడప వద్దనే వదలి వస్తున్నాడని మా అభిప్రాయం. ఇందుకు తార్కాణంగా ఇంగ్లండు దేశపు ఒక పాటల సంపుటిని పాఠకుల ముందుంచదలచాము. దూరదేశపు రాక్ సంగీతంతో మనకేమి పని అని పెద్దలు అడుగవచ్చును. పని ఉన్నదనియే మా మనవి.

ఉత్తర ఇంగ్లండులోని షెఫీల్డు ఉక్కుకు, కత్తుల తయారీకి పేరుపొందిన నగరం. దాని శివారున హైగ్రీన్ ప్రాంతపు కుర్రవాళ్ళు 2002లో 'ఆర్కిటిక్ మంకీస్' అనే బృందంగా ఏర్పడ్డారు. గీతకర్త, గాయకుడు అలెక్స్ టర్నర్. అతనికీ, పొరుగున పెరిగిన జేమీ కుక్‌కూ 2001 క్రిస్మస్‌కు గిటార్లు కానుకగా లభించాయి. తొలినాళ్ళలో వారు తమ పాటలను సీడీలకెక్కించి కచేరీకి వచ్చినవారికి ఉచితంగా పంచిపెట్టారు. శ్రోతలే వాటిని అంతర్జాలం ద్వారా ఒకరికొకరు అందించుకొన్నారు. 2005లో డామినో అనే స్వతంత్ర రికార్డు కంపెనీ వారిని చేర్చుకొన్నది. పెద్ద కంపెనీల నీడన కాక ఇట్టి చిన్న సంస్థల ఆసరాతో ఎదిగిన సంగీతానికే 'ఇండీ' అని పేరు వచ్చింది.

2006 జనవరి 23న వెలువడిన వారి తొలి స్టూడియో ఆల్బమ్ పేరు 'వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐ యామ్ నాట్'. లోకులు నన్ను ఏమంటారో నేను అది కాను అని భావం. నాటింగ్‌హామ్ కర్మాగార కార్మికుని జీవితంపై అలన్ సిలిటో 1958లో ప్రచురించిన నవల నుండి ఈ పేరును గ్రహించారు. మొదటి వారంలోనే బ్రిటన్‌లో 3,63,735 ప్రతులు అమ్ముడుపోయాయి. ఒక బృందపు తొలి ఆల్బమ్ అంత వేగంగా అమ్ముడుపోవడం ఆ దేశం అదివరకు ఎరుగదు. ఆ ఏడాది మెర్క్యురీ బహుమతి కూడ దానికే లభించింది.

అందలి పదమూడు పాటల్లో ఉన్నదేమిటి? శనివారం రాత్రి టాక్సీ కోసం పడిగాపులు, నృత్యశాల గుమ్మం వద్ద కాపలావాని దర్పం, వీధుల్లోని చీకటి బ్రతుకులు. వీటిని టర్నర్ తన ఊరి యాసలోనే పాడినాడు. ఒక పాట పేరు 'మార్డీ బమ్'. మార్డీ అనగా ఆ ప్రాంతపు ఇండ్లలో అలిగి మూతి ముడుచుకొన్నవారిని అనే మాట. దానిని సంస్కరించి నాగరికపు మాట వేసుకొనవలెనని అతనికి తోచలేదు. ఆ పాటలకు ప్రాణం అచ్చటనే ఉన్నదని మేము భావిస్తున్నాము.

వారిది ఇంగ్లీషు గనుక చెల్లిందని కొందరు అనవచ్చును. నిజమే, ఆ భాషకున్న అంగడి మన భాషలకు లేదు. కాని ఇంగ్లీషులోను దొరల పలుకు, కూలీల పలుకు అనే భేదం ఉన్నది. బ్రిటిష్ గాయకులు పలువురు అమెరికన్ ఉచ్చారణను అరువు తెచ్చుకొన్న మాట కూడ వాస్తవం. మరొక ఆక్షేపణ ఆ ఆల్బమ్ అట్టపై సిగరెట్టు కాల్చే యువకుని చిత్రం గురించి. స్కాట్లాండు ఆరోగ్య సేవ పెద్దలు నాడే దానిని తప్పుపట్టారు. అది న్యాయమైన మాటే. వారి నుండి మనం గ్రహించవలసినది ఆ పొగను కాదు, ఆ ధైర్యాన్ని.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్కన వినబడుతాయి. అయినను వేదికనెక్కగానే దక్కనీ మాట్లాడే సోదరుడు లక్నో పలుకు కోసం తడుముకొంటాడు. పల్లె తెలుగు మాట్లాడే సోదరి పుస్తకాల తెలుగు వెదకుకొంటుంది. నవ్వుతారనే భయమే ఇందుకు కారణం. ఆ నవ్వులో మనమూ పాలుపంచుకొన్నామని ఒప్పుకొనక తప్పదు. ప్రామాణిక భాషను నేర్వవద్దని మేము అనుటలేదు. అది పరీక్షకు, ఉద్యోగానికి అవసరం. కాని పాటకు, కవితకు ఇంటి మాటను మించిన పెట్టుబడి లేదు.

కావున వార్షికోత్సవంలో సినిమా పాటల పోటీతోబాటు, విద్యార్థులు తమ యాసలో తామే కట్టిన పాటలకు ఒక గంట కేటాయించవలసినదిగా కళాశాల కమిటీవారిని వినయపూర్వకంగా కోరుతున్నాము. ఇందుకు ఖర్చేమియు లేదు. తోటి విద్యార్థులకు మాత్రం ఒక్కటే విన్నపం: ఆ గంటసేపు నవ్వక వినండి.