ఒంటరి సంతకం



పనిచేసే మనుషుల సంఘాల గురించి ఈ వరుస రాస్తున్నప్పటి నుంచి కొందరు విద్యార్థి మిత్రులు నన్ను ఒకటే అడుగుతున్నారు. ‘సఫాయి కార్మికుల సమ్మె అంటే అర్థముంది. ఆశా వర్కర్ల సమ్మె అంటే అర్థముంది. లక్షల జీతం తీసుకునే పైలట్లు కూడా జీతం చాలదని యూనియన్ పెట్టుకుంటే అది మన గొడవ ఎట్లా అవుతుంది?’

మంచి ప్రశ్న. పైలట్ల మీద జాలి పడమని నేను చెప్పడం లేదు. మన జాలి వాళ్లకి అక్కర్లేదు. కానీ మనిషి పనికి ధర ఎట్లా కడతారో తెలుసుకోవాలంటే అమెరికా పైలట్ల కథ మంచి పాఠం. ఎందుకంటే మన నోరు మూయించడానికి రోజూ వాడే ఒక మాట ఆ కథలో నిలువునా కూలిపోతుంది. ఆ మాట ‘మెరిట్’.

2009 జనవరి 15న రెండు ఇంజన్లూ దెబ్బతిన్న విమానాన్ని న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దింపి, లోపలున్న 155 మందినీ బతికించిన కెప్టెన్ చెస్లీ సల్లెన్‌బర్గర్ ప్రపంచమంతటికీ తెలుసు. ఆ తర్వాతి నెలలో ఆయన అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు ఏం చెప్పాడో చాలామందికి తెలియదు. తన జీతం 40 శాతం కోసేశారని చెప్పాడు. పెన్షన్ పోయిందని చెప్పాడు. ఇట్లాగే ఉంటే అనుభవమున్నవాళ్లు ఈ వృత్తిలో మిగలరని చెప్పాడు. దేశం చప్పట్లు కొట్టిన చేతులవే ఆ కోతలు.

ఆ కోతలు ఎట్లా వచ్చాయి? 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అక్కడి పెద్ద ఎయిర్‌లైన్లు ఒకదాని వెనక ఒకటి దివాలా కోర్టుకెక్కాయి. 2002లో యునైటెడ్. 2005లో డెల్టా, నార్త్‌వెస్ట్. దివాలా చట్టం కింద జడ్జి ఒప్పుకుంటే, యూనియన్‌తో చేసుకున్న ఒప్పందాన్ని కంపెనీ పక్కన పడేయొచ్చు. ఆ కత్తిని చూపించే బేరమాడారు. డెల్టా పైలట్లు 2004లో 32.5 శాతం కోతకి ఒప్పుకున్నారు. 2006లో ఇంకో 14 శాతం పోయింది. పైలట్ల పెన్షన్ పథకం కూడా పోయింది.

2023కి రండి. అదే డెల్టాలో నాలుగేళ్లలో మొత్తం 34 శాతం పెంపుతో కొత్త ఒప్పందం కుదిరింది. అదే ఏడాది అమెరికన్, యునైటెడ్ పైలట్లు కూడా పెద్ద పెంపులు సాధించారు.

ఇప్పుడు చెప్పండి, 2006కీ 2023కీ మధ్య పైలట్ల మెరిట్ పెరిగిందా? విమానం అదే, లైసెన్సు అదే, ప్రయాణికుల ప్రాణాల విలువ అదే. మారింది బలం. కోవిడ్ కాలంలో కంపెనీలే డబ్బిచ్చి వేలమంది పైలట్లను ముందే రిటైర్ చేయించాయి. జనం మళ్లీ విమానాలెక్కేసరికి నడిపేవాళ్లు చాల్లేదు. ఆ అదును చూసి పైలట్లు కలిసి నిలబడ్డారు. 2022లో డెల్టా పైలట్లలో ఓటేసినవాళ్లు 99 శాతం మంది సమ్మెకి సిద్ధమన్నారు. అదే ఏడాది యునైటెడ్‌లో, యూనియన్ నాయకులు కుదుర్చుకొచ్చిన ఒప్పందాన్నే సభ్యులు 94 శాతం ఓట్లతో తిప్పికొట్టారు. ‘ఇది చాలదు, మళ్లీ వెళ్లి కూర్చోండి’ అని తమ నాయకులకే చెప్పారు.

కాబట్టి జీతం అంటే ప్రతిభకి కట్టిన వెల కాదు. బేరంలో ఎవరు ఎంత గట్టిగా నిలబడ్డారో చెప్పే కొలత. ‘మీకు తక్కువెందుకు’ అంటే ‘మీకు మెరిట్ లేదు గనుక’ అని తరతరాలుగా విన్న మనం ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇప్పుడు ఇంకో మాట దగ్గరికి వద్దాం. కాంట్రాక్టు.

నేను చదివింది సాహిత్యం. ఒక మాట ఎవరి నోట్లో ఏ అర్థంతో బతుకుతోందో చూడటం ఆ చదువు నేర్పిన అలవాటు. అమెరికా పైలట్ ‘మా కాంట్రాక్టు’ అంటే అది అతనికి గొడుగు. వేలమంది తరఫున యూనియన్ సంతకం పెట్టిన పుస్తకం. ఎన్ని గంటలు, ఎంత విశ్రాంతి, ఎంత జీతం, తీసేయాలంటే ఏ పద్ధతి, అన్నీ అందులో ఉంటాయి. మన దగ్గర ‘కాంట్రాక్టు ఉద్యోగి’ అంటే? గొడుగు లేనివాడు. కాంట్రాక్టు లెక్చరర్, కాంట్రాక్టు నర్సు, కాంట్రాక్టు సఫాయి. పెళ్లిచూపుల్లో సైతం ‘పర్మనెంటా, కాంట్రాక్టా’ అని అడుగుతారు. మాట ఒకటే. ఒకచోట భద్రత, ఇంకోచోట భయం. తేడా కాగితంలో లేదు. ఆ కాగితం మీద కలిసి సంతకం పెట్టామా, ఒంటరిగా పెట్టామా అన్నదాంట్లో ఉంది.

కలిసి పెట్టే సంతకం కూడా సులువుగా రాదు. అక్కడి పైలట్ల విసుగంతా ఇక్కడే. వాళ్లు 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్ కింద ఉన్నారు. విమానయాన ఉద్యోగులను 1936లో ఆ చట్టంలో చేర్చారు. దాని ప్రకారం ఒప్పందానికి గడువు తీరిపోవడమంటూ ఉండదు. సవరించుకోవడానికి ఒక తేదీ వస్తుంది. ఆ తేదీ దాటినా కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. సమ్మె చేయాలంటే ముందు జాతీయ మధ్యవర్తిత్వ బోర్డు ఇక తన వల్ల కాదని వదిలేయాలి. తర్వాత 30 రోజులు ఆగాలి. అప్పుడు కూడా దేశాధ్యక్షుడు అత్యవసర బోర్డు వేసి ఆపొచ్చు.

డెల్టా పైలట్ల సవరణ తేదీ 2019 డిసెంబరు ఆఖరు. కొత్త ఒప్పందం ఖరారైంది 2023 మార్చిలో. మధ్యలో కోవిడ్ వచ్చింది, నిజమే. కానీ మూడేళ్లకు పైగా ధరలు పెరుగుతుంటే జీతం పాత పట్టిక మీదే నిలబడింది. ఆలస్యం ఎప్పుడూ యాజమాన్యానికి చుట్టమే. ‘ఫైలు పరిశీలనలో ఉంది’ అనే మాట విని విని అలసిపోయిన మనవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి, గంటల లెక్క. పైలట్‌కి సాధారణంగా విమానం గేటు వదిలిన దగ్గర్నుంచి మళ్లీ గేటుకి చేరేదాకా లెక్క. ముందు చేసే తనిఖీలు, వాతావరణం చూసుకోవడం, విమానానికీ విమానానికీ మధ్య పడిగాపులు, ఇవి ఆ లెక్కలోకి రావు. అందుకే నెలకి కనీసం ఇన్ని గంటల జీతం ఇచ్చి తీరాలి, డ్యూటీ ఎంతసేపు సాగితే దానికి తగ్గట్టు ఇంత కట్టాలి అని యూనియన్ బేరమాడి రాయించుకుంటుంది.

మన గెస్టు లెక్చరర్‌కి పీరియడ్ లెక్క. పాఠం తయారుచేసుకోవడం, పేపర్లు దిద్దడం, న్యాక్ ఫైళ్లు, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం, ఇవేవీ లెక్కలోకి రావు. నేను గెస్టుగా పనిచేసిన ఒక కాలేజీలో వేసవి నెలలకి జీతమే లేదు. జూన్ రాగానే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఇంటర్వ్యూ. పైలట్‌కున్న కనీస గంటల హామీ మాకు లేదు. ఎందుకంటే మా తరఫున కూర్చుని రాయించినవాళ్లెవరూ లేరు. ఎవరికి వాళ్లం వెళ్లి సంతకం పెట్టి వచ్చాం.

లెక్కలోకి రాని గంటల మీద పోరాడి గెలిచినవాళ్లు పైలట్ల కంటే ముందు ఉన్నారు. వాళ్లు నల్లవాళ్లు. అమెరికా రైళ్లలో పుల్‌మన్ కంపెనీ స్లీపర్ బోగీల్లో పక్కలు పరిచి, బూట్లు తుడిచి, రాత్రంతా మేలుకుని పనిచేసిన పోర్టర్లు. వాళ్లకి ఏ పేరున్నా ప్రయాణికులు ‘జార్జ్’ అనే పిలిచేవారు. యజమాని జార్జ్ పుల్‌మన్ పేరు అది. బానిసని యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు. మన తాతల పేర్లు ఊళ్లో ఎవరి నోట్లో ఎట్లా వంకరపోయాయో తెలిసినవాళ్లకి ఆ పిలుపు వెంటనే అర్థమవుతుంది. రైలు కదలకముందు చేసే ఏర్పాట్ల పనికి వాళ్లకి సరైన కూలీ లేదు. 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో వాళ్లు యూనియన్ కట్టారు. పన్నెండేళ్లు కొట్లాడారు. 1937లో పుల్‌మన్ కంపెనీ వాళ్లతో ఒప్పందం మీద సంతకం పెట్టింది. నెలకి 400 గంటల దాకా ఉన్న పని 240 గంటలకి దిగింది. వాళ్లు గెలిచింది ఏ చట్టం కింద? అదే రైల్వే లేబర్ యాక్ట్ కింద. ఈరోజు తెల్ల చొక్కా పైలట్ కూర్చుంటున్న బేరం బల్ల దగ్గరికి నల్ల పోర్టర్ కూడా ఆనాడే పోరాడి వచ్చాడు.

మరి పైలట్ల యూనియన్ ఆనాడు ఏం చేసింది? 1931లో పుట్టిన ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్ తన తొలినాళ్ల నియమావళిలో సభ్యత్వం తెల్లజాతివాళ్లకే అని రాసుకుంది. తర్వాత ఆ నిబంధన తీసేశారు. కాకపిట్ తలుపు మాత్రం తెరుచుకోలేదు. వైమానిక దళంలో విమానాలు నడిపిన మార్లన్ గ్రీన్ అనే నల్ల పైలట్ 1957లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్‌కి దరఖాస్తు పెట్టాడు. అతనికంటే తక్కువ గంటలు ఎగిరిన తెల్లవాళ్లని తీసుకుని అతన్ని వదిలేశారు. 1963లో అమెరికా సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. ఉద్యోగంలో చేరేసరికి 1965. ఆ ఎనిమిదేళ్లకి ఏ యూనియన్ లెక్కగట్టగలదు?

సంఘం తలుపు మూసుకుంటే నష్టం బయటివాళ్లకే కాదు. 1983లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ రెండు జీతాల పద్ధతి తెచ్చింది. ఉన్నవాళ్లకి పాత జీతం, కొత్తగా చేరేవాళ్లకి అదే పనికి తక్కువ జీతం. ఉన్నవాళ్లు తమకి కోత పడలేదని ఒప్పుకున్నారు. ఇంకా రాని పిల్లల జీతం అమ్మి తమ జీతం కాపాడుకున్నారు. తర్వాత చిన్న రూట్లను సబ్ కంపెనీలకి అప్పగించడం పెరిగింది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర 50 మందిని బలితీసుకున్న విమానం టికెట్ల మీద పేరు కాంటినెంటల్‌ది. నడిపింది కాల్గన్ అనే చిన్న కంపెనీ. దర్యాప్తులో తేలిన ప్రధాన కారణం కెప్టెన్ స్పందించిన తీరు. కానీ అదే దర్యాప్తులో ఇంకోటి బయటపడింది. కో-పైలట్ సియాటిల్ దగ్గర తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ, డ్యూటీ ఎక్కడానికి రాత్రంతా దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి ప్రయాణం చేసి వచ్చింది. చిన్న కంపెనీల పైలట్ల చాలీచాలని జీతం, నిద్రలేమి అప్పుడు దేశం చర్చించింది. ఔట్‌సోర్సింగ్ ఆకాశంలో కూడా మనుషుల్ని చంపగలదు.

మన దేశం సంగతి చూడండి. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లింది. ప్రభుత్వ సంస్థగా అందులో ఉన్న రిజర్వేషన్ ఆ రోజుతో పోయింది. పైలట్ చదువుకి అరకోటి దాకా అయ్యే దేశంలో మన పిల్లలకి ఉన్న చిన్న కిటికీ కూడా మూసుకుంది. ఆ రోజు పైలట్ల సంఘాలు రిజర్వేషన్ కోసం సమ్మె చేసినట్టు నాకైతే కనపడలేదు. ఏడాది గడిచింది. 2023 ఏప్రిల్లో కంపెనీ కొత్త జీతాల ఒప్పందాన్ని ఒక్కో పైలట్‌కి విడివిడిగా పంపింది. 70 గంటల జీతం హామీ 40 గంటలకి దిగింది. సీనియర్ కమాండర్లను మేనేజ్‌మెంట్ కింద లెక్కేసి యూనియన్‌కి దూరం చేస్తున్నారని సంఘాలు గొంతెత్తాయి. 1,500 మందికి పైగా పైలట్లు రతన్ టాటాకి విన్నపం రాశారు. మరుసటేడు అదే 40 గంటల లెక్క విస్తారా పైలట్లకి వచ్చింది. చాలామంది సిక్ లీవు పెట్టారు, విమానాలు రద్దయ్యాయి.

గమనించండి, అంత జీతమున్నవాళ్లు కూడా చివరికి విన్నపాలు, సిక్ లీవుల దాకా వచ్చారు. కలిసి బేరమాడే బల్ల లేకపోతే కెప్టెన్ కూడా అర్జీదారే. ఇక 2025 నవంబరు నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, సగం మంది కార్మికులు ఒకేరోజు కూడబలుక్కుని సెలవు పెడితే అదీ సమ్మే. సమ్మెకి ముందస్తు నోటీసు తప్పనిసరి.

ఇట్లాంటి చట్టం మనకి కొత్త కాదు. 1938లో బొంబాయి ప్రభుత్వం సమ్మె హక్కుని బిగించే పారిశ్రామిక వివాదాల బిల్లు తెస్తే, బాబాసాహెబ్ అసెంబ్లీలో దాన్ని ఎదిరించారు. సమ్మె హక్కు స్వేచ్ఛకి ఇంకో పేరని వాదించారు. నవంబరు 7న కమ్యూనిస్టులతో కలిసి సమ్మె చేయించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో ఆయనే కార్మిక సంఘాలను నిలదీశారు. కార్మికుడికి శత్రువులు ఇద్దరు, బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీవాదం అన్నారు. బొంబాయి మిల్లుల్లో నేత విభాగంలోకి దళితుల్ని రానివ్వకపోయినా పట్టని సంఘాలను ఆయన చూశారు. సంఘాన్ని వదలమని మాత్రం అనలేదు. సంఘం కట్టమన్నారు, దాని తలుపు తెరిచి ఉంచమన్నారు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మీరు ఏ ఉద్యోగంలో చేరినా మూడు ప్రశ్నలు అడగండి. ఈ కాగితం మీద నేను ఒక్కణ్నే, ఒక్కదాన్నే సంతకం పెడుతున్నానా, నాతో ఇంకెవరున్నారు? నా పనిలో ఏ గంటలు లెక్కలోకి రావడం లేదు? మా సంఘం తలుపు బయట ఎవరు నిలబడ్డారు?

మూడో ప్రశ్న ముఖ్యంగా మా లెక్చరర్లకే. పర్మనెంట్ లెక్చరర్ల సంఘం పీఆర్సీ గురించి మాట్లాడేటప్పుడు అదే స్టాఫ్ రూములో కూర్చున్న గెస్టు లెక్చరర్ పేరు ఎత్తాలి. ఆ స్టాఫ్ రూము ఊడ్చే ఔట్‌సోర్సింగ్ అమ్మ పేరు ఎత్తాలి. ఆ ఇద్దరూ ఎక్కువగా ఏ వాడల నుంచి వస్తారో మనకి తెలుసు. వాళ్లని బయట నిలబెట్టి గెలిచిన పీఆర్సీ, 1983లో ఆ పైలట్లు పెట్టిన సంతకం లాంటిదే.

వచ్చే భాగంలో మన కాలేజీల ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.