గుడి కట్టింది ఎవరు?

పెళ్లయి అత్తారింటికి వెళ్లే ప్రతి ఆడపిల్లా ఒకరకంగా వలస వెళ్లేదే. కొత్త ఊళ్లో పొయ్యి రాజేసి, నలుగురితో మాట కలిశాక గానీ అది మన ఊరనిపించదు. మరి కుటుంబాలకు కుటుంబాలే తరలిపోతే?

పుంగనూరు అనగానే మనకు పొట్టి ఆవు గుర్తొస్తుంది. తెలుగు కతోలికుల తొలి గడపల్లో అదొకటని ఎందరికి తెలుసు? 1700 దాటిన తొలి ఏళ్లలోనే ఫ్రెంచి జెస్విట్ గురువులు సన్యాసుల్లా కాషాయం కట్టి, శాకాహారం తింటూ ఆ సీమకొచ్చారు. తర్వాత యుద్ధాలు, కరువులు. 1773లో పోపు జెస్విట్ సభనే రద్దు చేయడంతో గురువులకూ కరువొచ్చింది. రాయలసీమలోని కతోలిక కుటుంబాలు కొన్ని గుంటూరు సీమలోని ఫిరంగిపురం వైపు వెళ్లాయి. తెలుగు కతోలికులే మరికొందరు తమిళనాట కీళచ్చేరి చేరారు. వెళ్లినచోటల్లా గుడి కట్టుకున్నారు.

ఫిరంగిపురంలోని పెద్ద గుడిని 19వ శతాబ్దం చివర కట్టించిన ఫాదర్ థియొడోర్ డీక్‌మన్ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోవాలి కూడా. కానీ అంతకుముందు గురువు కనబడని రోజుల్లో పిల్లలకు జపాలు నేర్పిందెవరు? సాయంత్రం దీపం పెట్టి ఇంటిల్లిపాదినీ మోకరించమన్నదెవరు? గోడలు లేవకముందే గుడిని నిలబెట్టింది ఆ ఇల్లాళ్లు కాదూ?

వాళ్లలో ఒక్కరి పేరు మాత్రం నిలిచింది. 1822లో ఫిరంగిపురంలో పుట్టిన జ్ఞానమ్మ కీళచ్చేరి కోడలైంది. భర్త పోయాక మూల కూర్చోలేదు. 1863లో అక్కడే ఆడపిల్లలకు బడి పెట్టింది. పుట్టినూళ్లోనూ చదువు చెప్పించింది. సెయింట్ ఆన్స్ కన్యల సభలకు ఆమే మూలం. వితంతువు ఎదురొస్తేనే అపశకునమనుకునే కాలంలో ఎంత గుండె ధైర్యం!

మిగతా వాళ్ల పేర్లేవీ? విచారణల జూబిలీ సంచికలు తిరగేయండి. గురువుల ఫొటోలు, దాతల జాబితాలు ఉంటాయి. ముగ్గు వేసినవాళ్లు, పిడికెడు బియ్యం దాచి ఇచ్చినవాళ్లు మాత్రం "స్త్రీలు కూడా సహకరించారు" అన్న ఒక్క వాక్యంలో సర్దుకుపోతారు. ఇది కతోలికులకే కాదు, ఏ గుడికైనా, ఏ మసీదుకైనా వర్తించే మాటే.

ఇవాళా మదనపల్లె నుంచి, కుప్పం నుంచి బతుకుతెరువుకు బెంగళూరు వెళ్లే కుటుంబాలెన్నో! అక్కడా ఏదో వీధిలో కొత్త ప్రార్థన మొదలవుతూనే ఉంటుంది. అందుకే ఒక్క పని చేద్దాం. ఇంట్లో అమ్మమ్మో, నాయనమ్మో ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని అడుగుదాం. ఏ ఊరి నుంచి వచ్చారు, మొదటి ప్రార్థన ఎవరింట్లో జరిగింది, అందరికీ వండిపెట్టిందెవరు అని. పిల్లల పాత నోటుబుక్కులో రాసిపెట్టినా చాలు. రేపు మన మనవరాలు అడిగితే, పేరు పెట్టి చెప్పగలగాలి కదా!