కూలిన శిక్షణ విమానాలు, కాక్‌పిట్‌కు చేరని మన పిల్లలు

నంద్యాల వైపు విమాన ప్రమాదం అనగానే అందరికీ పావురాలగుట్టే గుర్తొస్తుంది. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో ముఖ్యమంత్రి హెలికాప్టర్ కూలింది. దేశమంతా ఆ అడవి వైపు చూసింది. విచారణ జరిగింది, నల్లకాలువ దగ్గర స్మృతివనం వెలిసింది. శిక్షణ విమానం కూలితే మాత్రం రెండు రోజుల వార్తే. చనిపోయింది ఎవరో ఊరూపేరూ లేని విద్యార్థి, పడింది ఎవరి చేలోనో.

2022 ఫిబ్రవరి 26 ఉదయం నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర, తండా పక్క పొలాల్లో ఒక సెస్నా 152 కూలిపోయింది. నాగార్జునసాగర్ దగ్గరి ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ విమానం అది. ఒంటరిగా నడుపుతున్న తమిళనాడు యువతి అక్కడికక్కడే చనిపోయింది. అంతకుముందు 2019 అక్టోబర్ 6న వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర మరో శిక్షణ విమానం కూలి ఇద్దరు విద్యార్థులు పోయారు. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ మండలం రావెల్లి దగ్గర దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ విమానం కూలి శిక్షకుడూ, శిక్షణలో ఉన్న క్యాడెట్టూ మరణించారు. మిలిటరీ శిక్షణ లెక్క వేరు. మేము ఇక్కడ మాట్లాడేది డబ్బు కట్టి నేర్చుకునే చదువు గురించి.

సెస్నా కంపెనీ 152 రకం తయారీని 1985లోనే ఆపేసింది. అంటే తుంగతుర్తిలో కూలిన విమానానికి తక్కువలో తక్కువ 36 ఏళ్లు. పాతదైనంత మాత్రాన ప్రమాదకరం కాదు, మరమ్మతు సరిగ్గా జరిగితే ఎగురుతూనే ఉంటుంది. ఆ మరమ్మతు సరిగ్గా జరిగిందా లేదా అన్నది విద్యార్థికి ఎలా తెలుస్తుంది? 2023 అక్టోబర్‌లో వరస ప్రమాదాల తర్వాత రెడ్‌బర్డ్ అకాడమీ విమానాలన్నిటినీ డీజీసీఏ నిలిపేసింది. 2025లో మొదటిసారి ర్యాంకులిస్తే 35 సంస్థల్లో ఒక్కటి కూడా ‘ఎ’ గ్రేడు అందుకోలేదు. 13 ‘బి’లో, 22 ‘సి’లో ఉన్నాయి. ఏటా ఇన్ని వందల మందికి రెక్కలిస్తున్నామని చెప్పుకునే దేశంలో ఇదీ పరిస్థితి.

ఇది మనకెందుకు అని అడిగేవాళ్లుంటారు. ఓర్వకల్లు విమానాశ్రయానికి 2021లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఆ ఉయ్యాలవాడ ఆళ్లగడ్డకు దగ్గరి ఊరే. అటు కడప విమానాశ్రయంలో శిక్షణ సంస్థ పెట్టాలని 2022లో కేంద్రం నిర్ణయించింది. నంద్యాల, ఆళ్లగడ్డ ఈ రెంటికీ మధ్య, ఒకే జాతీయ రహదారి మీద ఉన్నాయి. మన ఆకాశంలోనూ రేపు ఆ చిన్న విమానాలు తిరగొచ్చు. అందులో కూర్చునేది ఎవరు, కింద పత్తి తీసేది ఎవరు?

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఖర్చు ఇవాళ 40, 50 లక్షలు, కొన్ని చోట్ల అంతకు మించి. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ‘టాప్ క్లాస్’ పథకంలో ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బుల ఫీజుకు పెట్టిన పరిమితి ఏడాదికి 3 లక్షల 72 వేలు. రెండేళ్లకు కలిపినా 7 లక్షల 44 వేలే. మిగతాది అప్పు చేయాలి. బ్యాంకు ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతుంది. ఆళ్లగడ్డ పక్క పల్లెలో ఎకరమో అరెకరమో డీకేటీ పట్టా ఉన్న మాల, మాదిగ కుటుంబం ఏం చూపించగలదు? ఆ భూమిని అమ్ముకోవడానికి లేకుండా 1977 చట్టం ఆపింది. 2023లో సడలించారు గానీ, అమ్మితే మాత్రం ఎంతొస్తుంది! పథకం కాగితం మీద ఉంది, దాని మీద ఎక్కి కాక్‌పిట్‌కు చేరేంత ఎత్తు లేదు.

ఎలాగోలా చేరినవాళ్ల సంగతి ఇంకా ఘోరం. అప్పు మీద చదివే పిల్లకు గంట గంటకూ లెక్కే. ఇంజన్ శబ్దం తేడాగా ఉందనో, వాతావరణం బాగోలేదనో ఈ రోజు ఎగరనని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? అకాడమీ మారడానికి చేతిలో డబ్బున్నవాళ్లకు. ప్రమాదం జరిగి సంస్థను నిలిపేస్తే డబ్బున్నవాడు అమెరికాకో, దక్షిణాఫ్రికాకో పోతాడు. మిగిలినవాళ్లు వడ్డీ కడుతూ హాస్టల్లో కూర్చుంటారు. అందుకే భద్రతా, ప్రవేశమూ రెండు వేర్వేరు డిమాండ్లు కావంటున్నాం. ఫిర్యాదు చేసినా సీటుకూ స్కాలర్‌షిప్పుకూ ఢోకా లేదన్న హామీ విద్యార్థికి ఉండాలి. సంస్థ మూతపడితే అప్పటిదాకా ఎగిరిన గంటలతో సహా మరో చోటికి ప్రభుత్వమే మార్చాలి. 3.72 లక్షల పరిమితిని అసలు ఖర్చుతో ముడిపెట్టాలి.

ఇక విచారణలు. పౌర విమానాల ప్రమాదాల్ని ఏఏఐబీ పరిశోధిస్తుంది. అంతర్జాతీయ నియమం ప్రకారం దాని ఉద్దేశం మరో ప్రమాదం జరగకుండా చూడటమే, తప్పెవరిదో తేల్చడం కాదు. అది సబబే. భయం లేకుండా నిజం చెప్పాలంటే అలాగే ఉండాలి. కానీ ఆ నివేదిక ఇంగ్లీషులో వెబ్‌సైటులో పడి ఉంటుంది. చేలో విమానం పడిన తండా మనిషికి అది అందదు. ప్రమాదం జరిగిన ఊళ్లో గ్రామసభ పెట్టి, నివేదికను తెలుగులో చదివి వినిపించమని కలెక్టర్లను అడగడానికి పెద్ద ఖర్చేమీ లేదు. కడపలో శిక్షణ మొదలుపెట్టే ముందే ఈ మాట అడగాలి. నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల్లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదువుతున్న మన పిల్లలకు ఆ సంస్థలో ఎన్ని సీట్లో, వాటికి ఫీజు ఎవరు కడతారో కూడా అప్పుడే, అదే అర్జీలో రాసి అడగాలి.