ట్యాబ్‌లో పేరు ఎక్కితేనే విడత డబ్బు అందేది.. మహమ్మద్‌నగర్ గర్భిణుల లెక్క ఎక్కడ తప్పుతోంది?

కామారెడ్డి: నిజాంసాగర్ నుంచి విడిపోయి మండలమైన మహమ్మద్‌నగర్‌ అయినా, మరో మండలమైనా సర్కారు దవాఖాన లెక్క ఏఎన్ఎం ఎంట్రీతోనే మొదలు. 2008లో కేంద్రం తెచ్చిన హెచ్ఎంఐఎస్‌లో నెలనెలా ఆస్పత్రి మొత్తం అంకెలే ఉంటాయి, మనిషి కనిపించదు. 2017 జూన్‌లో వచ్చిన కేసీఆర్ కిట్ మాత్రం ఒక్కో తల్లినీ పేరుతో పట్టుకుంది. అప్పట్లో మగబిడ్డకు రూ.12 వేలు, ఆడబిడ్డకు రూ.13 వేలు ఇచ్చేవారు, అదీ విడతల్లో. చెకప్, కాన్పు, టీకా నమోదైతేనే. దాంతో 'మా ఎంట్రీ అయ్యిందా?' అని తల్లులే అడగడం మొదలైంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో రాష్ట్రంలో సర్కారు కాన్పులు సుమారు 30 నుంచి 50 శాతానికి చేరాయి. ఇదంతా పోర్టల్ గొప్పేం కాదు, డబ్బూ కిట్టూ లాగాయి. చిక్కల్లా ఇక్కడే. విడత ఆగితే అడిగేవాళ్లు తగ్గుతారు, ఎంట్రీ లేటవుతుంది. అప్పుడు హైరిస్క్ గర్భిణుల్లో ఎవరిని ముందు బాన్సువాడ పంపాలో స్క్రీన్ చెప్పలేదు.